ఫ్రిజ్‌కి వీపు పెట్టి నిలబడండి

నేను ఐస్ హాకీ ఆడాను. రాయచోటి పక్క పల్లెలో పుట్టి, కువైట్‌లో ఇంటిపని చేసుకునే ఆడమనిషి మంచు మీద హాకీ ఆడిందంటే మావాళ్ళే నమ్మరు. నమ్మకపోతే మానేయమనండి. నా కుడి మోకాలి పక్కన నాలుగు కుట్ల మచ్చ ఉంది. ఎడమ చేతి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఊరికే గొప్పలు చెప్పుకునేవాళ్ళకి ఇలాంటి గుర్తులు ఉండవు.

పదకొండేళ్ళు గోలీగా నిలబడ్డాను. గోలు ముందు నిలబడి, వచ్చే బిళ్ళను ఒంటితో ఆపే మనిషిని గోలీ అంటారు. బిళ్ళ అన్నది నేను పెట్టుకున్న పేరు, ఆటగాళ్ళు పక్ అంటారు. నల్లటి రబ్బరు బిళ్ళ, అరచేతిలో పడుతుంది. దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపరిచి మరీ ఆటలోకి దించుతారు. ఛాతీ మీద తగిలిందంటే, ప్యాడ్లు ఉన్నా సరే, ఆ రోజంతా ఊపిరి పీల్చినప్పుడల్లా నొప్పే. తర్వాత మోకాలు పోయింది. ఆట మానేసి మైకు పట్టుకున్నాను. ఆ మైకు కూడా నా చేతిలోంచి లాక్కోవాలని చూశారు. ఆ సంగతి చెప్పడానికే ఇది మొదలుపెట్టాను.

ముందు ఆట ఎలా వచ్చిందో చెప్పాలి. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు రుమైథియాలో ఒక ఇంట్లో పనికి కుదిరాను. ఇప్పటికీ అదే ఇల్లు, అదే మామా. ఇంటి యజమానురాలిని ఇక్కడ మేము మామా అంటాం. మామాకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపాపకి అయిదేళ్ళు నిండగానే మంచు మీద హాకీ నేర్పించాలని మామాకి మోజు పుట్టింది. వారానికి మూడు రోజులు డ్రైవరు మమ్మల్ని రింకు, అంటే మంచు మైదానం, దగ్గర దింపేవాడు. బయట ఒళ్ళు కాలిపోయే ఎండ, లోపల పళ్ళు టకటకలాడే చలి. పాపకి స్కేట్ల తాళ్ళు బిగించి కట్టడం, ముక్కు తుడవడం, మంచు చుట్టూ ఉన్న చెక్కగోడకి ఆనుకుని నిలబడి చూడటం, ఇంతే నా పని. అబాయా మీద మామా పాత కోటు ఒకటి తగిలించుకుని నిలబడేదాన్ని.

ఒకరోజు పిల్లల జట్టులో గోలీ రాలేదు. వాళ్ళ కోచ్ రష్యా ఆవిడ. వచ్చీరాని అరబ్బీలో నన్ను పిలిచి, ప్యాడ్లు చూపించి, గోలు ముందు నిలబడమంది. నిలబడమంటే నిలబడటం అప్పటికే నాకు బాగా అలవాటైన పని. మామూలు బూట్లతోనే మంచు మీదికి పోయి నిలబడ్డాను. చిన్నపిల్లలే కదా, మెల్లగా కొడతారులే అనుకున్నాను. మొదటి బిళ్ళ వచ్చి చీలమండకి తగిలింది. నా తల్లే! నొప్పి కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఇక చూస్కోండి, ఆ గంటసేపు ఒక్కటంటే ఒక్కటి లోపలికి పోనివ్వలేదు. పిల్లలంతా ఏడుపు మొహాలు పెట్టారు, మా పెద్దపాపతో సహా. కోచ్ మాత్రం పడీ పడీ నవ్వి నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ఒకరు మెచ్చుకుని నన్ను కొట్టడం అదే మొదటిసారి.

స్కేట్లు కట్టుకుని నిలబడటం, పడటం, పడ్డాక చేతులు ఆనించకుండా లేవడం, అన్నీ ఆవిడే నేర్పింది. శుక్రవారం నాకు సెలవు. మావాళ్ళంతా సెలవురోజు ఒక చోట చేరి బిర్యానీ తిని, ఊరి కబుర్లు చెప్పుకుని, ఇంటికి పంపే సామాన్లు కట్టుకునేవాళ్ళు. నేను బస్సెక్కి రింకుకి పోయేదాన్ని. శుక్రవారం పొద్దున ఆడవాళ్ళ జట్లు ఆడేవి. టీచర్లు, నర్సులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, కొందరు కువైటీ అమ్మాయిలు. ఇంటిపని మనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో కొందరు నా చేతికి వాటర్ బాటిళ్ళు ఇచ్చి పట్టుకోమన్నారు. పట్టుకోలేదు. నేనూ ఆడటానికే వచ్చానని చెప్పి ప్యాడ్లు కట్టుకున్నాను.

రెండో ఏడు బస్సులో కోనసీమ పిల్ల ఒకతె పరిచయమైంది. ఎగైలాలో ఒక ఇంట్లో పని. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది. ఆరడుగుల మనిషి, కొబ్బరి దింపే గెడలా ఉండేది. ఈ ఎత్తు ఊరికే పోతోందే అనిపించి రింకుకి లాక్కొచ్చాను. మొదటిరోజు ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. స్కేట్లు విప్పుతూ, "ఆయ్ బాబోయ్, నడుం విరిగిపోయిందండీ అక్కా. వచ్చే వారం ఎన్నింటికండీ?" అంది. ఆ మాటతో నాకు చెల్లెలైపోయింది.

ఆమె డిఫెన్స్. అంటే నా ముందు అడ్డుగోడ. గోలీ నోరు మూసుకుని నిలబడకూడదు. ముందున్నవాళ్ళకి వెనక ఏం జరుగుతోందో కనిపించదు, గోలీకి మైదానం మొత్తం కనిపిస్తుంది. కాబట్టి అరుస్తూనే ఉండాలి. "మే, నీ ఎడమ!" "వెనక ఒకతె ఉంది సూడు!" "జరుగు, జరుగు, నాకు కనపడల్యా!" అని నేను తెలుగులో అరుస్తుంటే ఎదుటి జట్టు గుడ్లప్పగించి చూసేది. ఇద్దరం ఒకే వైపు చూస్తూ నిలబడతాం కనుక నా ఎడమే ఆమె ఎడమ. ఏళ్ళ తరబడి అలా అరిచీ అరిచీ, మంచు మీద ఎడమంటే గోలీ ఎడమే, కుడి అంటే గోలీ కుడే అని నా ఒంటికి పట్టేసింది.

ఆ తర్వాత రెండు దెబ్బలు ఒకే ఏడు తగిలాయి. ఎగైలాలో ఆమె పనిచేసే ఇంటి పెద్దామె, అంటే యజమాని తల్లి, స్నానాల గదిలో జారిపడి మంచం పట్టింది. ఆమెను కనిపెట్టుకుని ఉండే పని మా పిల్ల మీద పడింది. శుక్రవారాలు పోయాయి. వారం తిరిగే లోపే రింకులో ఒకమ్మాయి వచ్చి నా మోకాలి మీద పడింది. ఇంకోసారి తగిలితే నడక కూడా కష్టమన్నారు డాక్టరుగారు. మామా పక్కనే ఉంది. "నువ్వు నడవకపోతే నా ఇంటి మెట్లు ఎవరు ఎక్కుతారు?" అంది. ప్రేమతో అన్నదో, పని పోతుందని అన్నదో నేను అడగలేదు. ప్యాడ్లు విప్పిన రోజు రింకు బాత్రూములో కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడాల్సిందేం లేదు, పదకొండేళ్ళు ఆడి మానేసిన వాళ్ళు ఎవరైనా ఏడుస్తారు.

కానీ ఊరికే ఉంటే నేనెందుకవుతాను? రెండు వారాలు ఆగి, ఫోనులో ఒక పేజీ తెరిచి, చెక్కగోడ దగ్గర నిలబడి లైవ్ పెట్టాను. బొమ్మ కాదు, మాటలే. ఇంటిపని చేసేవాళ్ళకి తెర చూసే తీరిక ఎక్కడ? చేతులు అంట్లలో ఉంటాయి, కళ్ళు పొయ్యి మీద ఉంటాయి. చెవి ఒక్కటే ఖాళీ. ఆ ఒక్క చెవికోసం ఆట చెప్పడం మొదలుపెట్టాను. మొదటిరోజు విన్నది ఒకే మనిషి, మా కోనసీమ పిల్ల. ఆట అయ్యాక వాయిస్ మెసేజ్ పెట్టింది.

"బాగుందండీ అక్కా, కానీ నాకు ఎటుపక్క ఏంటో తెలవటం లేదండీ. నేనెటు తిరిగి ఉన్నానో నాకే తెలవటం లేదు."

"యాడుండావు నువ్వు?"

"వంటింట్లోనండి."

"అయితే ఫ్రిజ్‌కి వీపు పెట్టి నిలబడు. ఆ ఫ్రిజ్జే మన గోలు. ఇప్పుడు నీ ఎడమ నా ఎడమ ఒకటే."

అంతే. అది ఆనవాయితీ అయిపోయింది. ప్రతి శుక్రవారం ఆట మొదలయ్యే ముందు, "ఫ్రిజ్‌కి వీపు పెట్టి నిలబడండి" అనేదాన్ని. ఎన్ని వంటిళ్ళలో ఎంతమంది అలా నిలబడేవాళ్ళో నాకు తెలియదు. కడప వాళ్ళు, రాజోలు వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, ఇంటిపని వాళ్ళు, యజమాని కోసం కారులో ఎదురుచూసే డ్రైవర్లు. ఒక డ్రైవరు, "అక్కా, నా కాడ ఫ్రిజ్ లేదు, సీటుకు వీపు ఆనించినా సరిపోతదా?" అని అడిగాడు. భేషుగ్గా సరిపోతుందన్నాను. ఎగైలాలో మా పిల్ల ఫోను స్పీకరులో పెట్టి పెద్దామె గదిలో కూడా వినిపించేది. ఆ పెద్దామెకి తెలుగు ముక్క రాదు. అయినా నేను గొంతు పెంచినప్పుడల్లా, ఏమైంది, ఏమైంది అని అరబ్బీలో అడిగేదట. కొన్నాళ్ళకి ఎడమ, కుడి, బిళ్ళ అనే మూడు మాటలు పట్టేసింది.

మూడేళ్ళు అలా నడిచాక లీగ్ వాళ్ళే, అంటే ఆ ఆడవాళ్ళ పోటీలు నడిపేవాళ్ళే, నన్ను పిలిచారు. ప్రచారం చూసే సార్ ఒకాయన ఉన్నాడు, హైదరాబాద్ మనిషి. షర్క్‌లో పెద్ద ఆఫీసులో ఉద్యోగం, శుక్రవారాలు లీగ్ పని. ఆయనే మెడలో వేసుకునే పాస్ ఇచ్చి, బల్ల ఇచ్చి, హెడ్‌సెట్ ఇచ్చి కూర్చోబెట్టాడు. నా మాటలు లీగ్ పేజీలోనూ, నా పాత పేజీలోనూ వచ్చేవి. తెలుగు కామెంటరీ అని పోస్టరులో కూడా వేశారు. అది చూసి ఒళ్ళు పొంగిపోయింది. ఆ పోస్టరు ఫోటో తీసి ఊరికి పంపితే, మా అన్న, ఇందులో నీ ఫోటో ఏదీ అని అడిగాడు. పోన్లే, వాడికేం తెలుసు.

రెండు సీజన్లు బాగానే గడిచాయి. మూడో సీజనులో కెమెరా వచ్చింది. రింకుకి ఒక చివర, స్కోరుబోర్డు పైన బిగించారు. దాని కిందే మా బల్ల. ఇక వీడియోతో పాటు నా మాటలు వినిపిస్తాయన్నమాట. ఇక్కడే వచ్చింది చిక్కు. ఆట మూడు భాగాలు, పీరియడ్లంటారు. మా జట్టు గోలీ మొదటి పీరియడ్‌లో అవతలి చివర, కెమెరాకి ఎదురుగా నిలబడుతుంది. ఆమె ఎడమ తెర మీద కుడి అవుతుంది. రెండో పీరియడ్‌లో జట్లు చివరలు మారతాయి, గోలీ కెమెరా కిందికి వస్తుంది, అప్పుడు ఎడమ ఎడమే. మూడో పీరియడ్‌లో మళ్ళీ తారుమారు. నేనేమో మూడు పీరియడ్లూ గోలీ ఎడమే చెబుతాను. ఇంకోలా నాకు రాదు. ఇంకోలా చెబితే ఫ్రిజ్‌కి వీపు పెట్టి నిలబడినవాళ్ళ గతేంటి?

వీడియో చూసేవాళ్ళు ఆడుకున్నారు నాతో. ఈ అక్కకి ఎడమ చెయ్యేదో కుడి చెయ్యేదో ఎవరైనా చెప్పండయ్యా అని ఒకడు. అన్నం ఏ చేత్తో తింటుందో పాపం అని ఇంకొకడు. చదివి ఒళ్ళు మండింది. ఒక్కడు కూడా గోలు ముందు నిలబడిన మొహం కాదు.

ఫైనల్‌కి వారం ముందు సార్ నన్ను బల్ల దగ్గరికి పిలిచాడు.

"అక్కా, ఏమనుకోకుండ్రి. ఇప్పుడు అందరు వీడియో చూస్తున్నరు. మీరు ఎడమ అంటే ఆడ కుడి ఉంటది. మస్తు బద్నాం అయితున్నం."

"నేను గోలీ నిలబడిన తావునుంచి చెప్తాండా సార్. ఆ యమ్మి ఎడమ ఎడమే కదా."

"గోలీతోని ఏం పనక్కా? కెమెరా ఎట్ల చూస్తదో అట్ల చెప్పాలె."

"కెమెరా చూసేవోళ్ళకి కండ్లుండాయి, వాళ్ళే చూసుకుంటారు. చూసేదానికి తీరుబాటు లేనోళ్ళకి నేను చెప్తాండా."

"ఇంకోటి, ఆ ఫ్రిజ్ ముచ్చట బంద్ చేయుండ్రి. ఇదేమన్న వంటల ప్రోగ్రామా? స్పాన్సర్లు నవ్వుతున్నరు."

"నగనీలే సార్. నగితే పండ్లు రాలిపోవు."

ఆయన మొహం మాడిపోయింది. ఫైనల్‌కి రేడియోలో పనిచేసిన కుర్రాడు వస్తున్నాడని, కామెంటరీ అతను చెబుతాడని, నన్ను మాత్రం వదులుకోరని చెప్పాడు. బహుమతులు ఇచ్చేటప్పుడు మంచి చీర కట్టుకుని మెడల్స్ పళ్ళెం పట్టుకుని నిలబడాలట. గౌరవమట! పదకొండేళ్ళు గోలు ముందు నిలబడినదాన్ని, పళ్ళెం పట్టుకుని నిలబడాలట. ఇంట్లో పట్టుకునే పళ్ళేలు చాలవనా? మెడలోంచి పాస్ తీసి ఆయన బల్ల మీద పెట్టేశాను. "పళ్ళెం మీరే పట్టుకోండి సార్, మీకు బాగుంటాది" అని వచ్చేశాను. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. భయం కాదు, కోపం. కొంచెం భయం కూడా.

ఆ భయం ఊరికే రాలేదు. రెండో రోజుకే ఆయన మామాకి ఫోన్ చేశాడు. మీ పనిమనిషి లీగ్ పరువు తీస్తోంది, ఫైనల్ రోజు రానివ్వకండి అన్నాడట. కువైట్‌లో మామాకి ఫోన్ పోయిందంటే మాలాంటివాళ్ళకి కాళ్ళ కింద నేల కదిలినట్టే. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి, ఆమె చేతిలో ఉంటుంది. నేను బియ్యం కడుగుతున్నాను. మామా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఆ ఫోనులో నువ్వు ఏం చెబుతావు ప్రతి శుక్రవారం?"

చెబితే అర్థం కాదని, "మామా, ఇలా వచ్చి ఫ్రిజ్‌కి వీపు పెట్టి నిలబడండి" అన్నాను. పద్దెనిమిదేళ్ళలో నేను ఆమెను ఒక చోట నిలబడమనడం అదే మొదటిసారి. నావైపు ఒక చూపు చూసి, వచ్చి నిలబడింది. నేను వంటింటి మధ్యలో నిలబడి అరబ్బీలో ఆట చెప్పాను. బిళ్ళ మీ ఎడమన స్టవ్ దగ్గర ఉంది, అక్కడినుంచి కుడికి సింకు దగ్గరున్న పిల్లకి ఇచ్చారు, ఆ పిల్ల కొట్టబోతోంది. మామా చెయ్యి దానంతటదే సింకు వైపు లేచింది. తర్వాత ఆ చేతిని తనే చూసుకుని నవ్వేసింది.

"సరే," అంది. "ఆరు రోజులు నావి. శుక్రవారం నీది. నీ శుక్రవారం గురించి అతను నాకెందుకు ఫోన్ చేశాడు?" అని, బియ్యంలో నీళ్ళు ఎక్కువయ్యాయని కూడా చెప్పి పోయింది. మామా దేవత కాదు, నేను అలా రాయను. మా పాత జట్టుకి ఇప్పుడు గోలీ మా పెద్దపాపే. ఇరవై మూడేళ్ళ పిల్ల, గోలు ముందు నిలబడటం నా దగ్గర నేర్చుకుంది. ఆ సంగతీ మామాకి గుర్తుండే ఉంటుంది.

శుక్రవారం వచ్చింది. కౌంటరు దగ్గర అందరితో పాటు టికెట్ కొనుక్కుని లోపలికి పోయాను. బల్ల వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా అవతలి చివరికి పోయి, మా గోలు వెనక చెక్కగోడ మీద బిగించిన అద్దానికి ఆనుకుని నిలబడ్డాను. ఇప్పుడు పాప వీపు నాకు రెండు బారల దూరంలో ఉంది. ఆమె చూసేదే నేను చూస్తాను. ఇయర్‌ఫోన్ మైకు నోటి దగ్గర పెట్టుకుని, నా పాత పేజీలో లైవ్ మొదలుపెట్టాను. "నేనే. బల్ల లేదు, నోరుంది. ఫ్రిజ్‌కి వీపు పెట్టి నిలబడండి." పేజీ నిండా సలాములు, నమస్కారాలు, వింటన్నాం అక్కా అనే మాటలు. కడుపు నిండిపోయింది.

మొదటి పీరియడ్ అయ్యేసరికి మావాళ్ళు ఒక గోలు ఆధిక్యంలో ఉన్నారు. రెండోదానికి జట్లు చివరలు మారాయి. నేనూ మారాలి కదా. మోకాలు ఈడ్చుకుంటూ రింకు చుట్టూ నడిచి ఇవతలి చివరికి వచ్చాను. ఇవతలి చివరంటే సార్ బల్ల పక్కనే. ఆ రేడియో కుర్రాడి గొంతు బాగుంది, ఒప్పుకోవాలి. ఆట మధ్యలో ఏడో నంబరు అమ్మాయి ఎవరని పక్కవాళ్ళని అడుగుతుంటే నేనే చెప్పాను. కుర్రాడి మీద నాకేం పగ? అప్పుడు చూశాడు సార్ నన్ను. విరామంలో లేచి వచ్చాడు.

"ఇదేం పనక్కా? ప్రసారం హక్కులు మావి. బంద్ చేయుండ్రి."

"టికెట్ కొన్నా సార్. టికెట్ కొన్నోళ్ళు అరచొచ్చు. అందరూ అరస్తానే ఉండారు, నేనొక్కదాన్ని తెలుగులో అరస్తాండా."

"నేను రిపోర్ట్ కొడితే మీ పేజీ ఉండదు. చెప్తున్న."

"కొట్టుకో."

సార్ అనడం అక్కడ మర్చిపోయాను. మర్చిపోవడమేంటి, అనాలనిపించలేదు. మళ్ళీ నడుచుకుంటూ అవతలి చివరికి పోయాను.

అన్నంత పనీ చేశాడు. మూడో పీరియడ్‌లో ఇంకా ఎనిమిది నిమిషాలు ఉందనగా ఫోను తెర తెల్లగా అయిపోయింది. పేజీ లేదు. ఎన్నిసార్లు నొక్కినా లేదు. అయిదేళ్ళ మాటలు, అందరి మెసేజ్‌లు, అన్నీ పోయాయి. అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాను. ఇప్పుడు ఎన్నో వంటిళ్ళలో నా వాళ్ళు ఫ్రిజ్‌కి వీపు పెట్టి, చెవిలో ఏమీ వినపడక, అలాగే నిలబడి ఉంటారు. ఆ ఊహ నాకు భరించరాని కోపం తెప్పించింది. ఎదురుగా ఆట ఆగలేదు. నేనెందుకు ఆగాలి?

కోనసీమ పిల్లకి మామూలు ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తింది.

"అక్కా, ఆగిపోయిందేంటండీ? మనోళ్ళందరూ నాకు మెసేజ్‌లు పెడతన్నారండీ."

"పేజీ పీకేసినారు మే. నువ్వు ఫోన్ పెట్టొద్దు. యాడుండావు?"

"పెద్దావిడ గదిలో ఉన్నానండి. ఇక్కడ ఫ్రిజ్ లేదండి. బీరువాకి వీపు పెట్టి నిలబడ్డానండి."

"చాలు. బిళ్ళ నీ కుడిన ఉంది. ఇద్దరు వస్తాండారు."

"ఒక్క నిమిషమండీ, ఇంకో ఫోన్లో మనోళ్ళని గ్రూప్ కాల్‌లో కలిపేసి ఈ ఫోన్ స్పీకర్లో దాని పక్కన పెడతానండి. మీరు చెబుతా ఉండండి."

చెబుతూనే ఉన్నాను. ఎవరెవరు కలిశారో, ఎంతమందికి వినబడుతోందో తెలియదు. నా ఒక్క చెల్లికి చెబుతున్నట్టే చెప్పాను. ఇంకో అయిదు నిమిషాలు ఉందనగా సార్ చుట్టూ తిరిగి వచ్చాడు, ఆయాసపడుతూ.

"బంద్ అయింది కదక్కా! ఇంక ఎవరికి చెప్తున్నరు?"

"మా చెల్లికి ఫోన్ చేసుకుంటాండా. దానికి గూడా హక్కులుండాయా నీకి?"

సార్ వెనక్కి పోలేదు. అక్కడే నిలబడ్డాడు. నేను ఆయన వైపు తిరగలేదు, తిరిగే తీరిక కూడా లేదు. ఎదుటి జట్టు అమ్మాయి ఒకతె బాణంలా దూసుకొస్తోంది. "మధ్యలో వస్తాంది, మధ్యలో, మే, అడ్డం పడు!" అని అరిచాను. పదేళ్ళ కిందట అరిచినట్టే అరిచాను. ఆ అమ్మాయి కొట్టింది. బిళ్ళ పాప గొంతు కింద తగిలి పక్కకి పోయింది. పాప వెనక్కి విరుచుకుని మంచు మీద పడింది. రెఫరీ ఈల వేశాడు. ఆట ఆగిపోయింది.

అయిదేళ్ళ కామెంటరీలో నేను ఎప్పుడూ ఆగలేదు, అప్పుడు ఆగాను. ఆ పిల్లకి స్కేట్లు కట్టినదాన్ని, ముక్కు తుడిచినదాన్ని. ఒంటినిండా ప్యాడ్లు ఉన్నాయని తెలుసు, ఆ దెబ్బ ఎలా ఉంటుందో కూడా తెలుసు. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి చూస్తున్నాను. స్టాండులో ఎక్కడో మామా లేచి నిలబడే ఉంటుంది, నేను చూడలేదు. సార్ కూడా నా పక్కనే అద్దానికి ఆనుకుని, "ఏమైతున్నదక్కా?" అని నన్నే అడుగుతున్నాడు. చెవిలో మా పిల్ల, "అక్కా? అక్కా, ఉన్నారాండీ?" అంటోంది. ఆమె వెనక మంచం మీదనుంచి పెద్దామె గొంతు, గట్టిగా, అరబ్బీలో.

పాప చెయ్యి కదిలింది. బోర్లా తిరిగి, ఒక మోకాలు మీదికి వచ్చింది. చెయ్యి ఆనించలేదు.

"అక్కా, పెద్దావిడ అడుగుతన్నారండీ. పడిన పిల్ల లేచిందా, లేదా అని. ఏం చెప్పమంటారండీ?"

"లేచింది," అన్నాను. పాప గోలు ముందు నిలబడింది, రెఫరీ బిళ్ళను మళ్ళీ ఆటలోకి వదిలాడు, నేను గట్టిగా అన్నాను. "లేచింది మే, నిలబడింది. కుడిపక్క సూడు, మళ్ళా వస్తాండారు."